ట్యాంకుకు వేసే రంగు సైలెన్సర్‌కు పనికిరాదు: ఇంట్లో బైకు పార్టులకు పెయింటింగ్

బైకు పార్టులన్నింటికీ ఒకే స్ప్రే డబ్బా కొట్టేయడం వల్లే ఇంట్లో చేసిన పెయింటింగ్ ఎక్కువగా పాడవుతుంది. ట్యాంకు మీద పెట్రోలు చిందుతుంది. సైలెన్సర్ కాలుతుంది. మడ్‌గార్డు అడుగున రోజూ రాళ్లూ బురదా తగులుతుంటాయి. సైడ్ ప్యానెల్ ప్లాస్టిక్కు కాబట్టి దాని మీద రంగు పట్టుకోవడమే కష్టం. ఏ పార్టుకు దేనితో ముప్పో ముందు చూసుకుంటే ఏ రంగు కొనాలో దానంతటదే తేలుతుంది. ఆ తర్వాత మిగిలేది రంగు కింద చేసే పని. అది సరిగా లేకపోతే ఎంత ఖరీదైన రంగు కొట్టినా పైన పటారం, లోన లొటారమే.

అన్నింటికంటే కష్టమైనది ట్యాంకు, కాబట్టి దాంతోనే మొదలుపెడదాం. పెట్రోలు పూర్తిగా తీసేసి, సీటు ఊడదీసి, పైపులూ సెన్సర్ వైరూ తప్పించి ట్యాంకు బయటికి తీయండి. ఖాళీ ట్యాంకు కదా అని ధీమాగా ఉండొద్దు. నిండు ట్యాంకు కంటే ఆవిరి నిండిన ఖాళీ ట్యాంకే ఎక్కువ ప్రమాదం. సొట్ట తీయడానికి గ్యాస్ మంట పెట్టడం, దగ్గర్లో గ్రైండర్ ఆడించడం అస్సలు చేయకూడదు. మూత తీసి, గాలి ఆడే నీడలో ఒకటి రెండు రోజులు వదిలేసి, ఆ తర్వాత మూతా కాక్ ఉండే రంధ్రమూ గట్టిగా మూసేయండి. పేపరుతో రుద్దేటప్పుడు నీళ్లు గానీ దుమ్ము గానీ లోపలికి పోతే తర్వాత కార్బొరేటర్ చెబుతుంది.

ఇప్పుడు పాత రంగు ఏ రకమో తేల్చుకోవాలి. దూదిని ఎన్‌సీ (నైట్రోసెల్యులోజ్) థిన్నర్‌లో తడిపి, ట్యాంకు అడుగున కనపడని చోట అర నిమిషం రుద్దండి. రంగు కరిగి దూదికి అంటితే అది లక్కర్, అంటే గతంలో ఎవరో షెడ్డులో వేయించినది. రంగు మెత్తబడి ముడతలు పడితే సింథటిక్ ఎనామెల్. ఏమీ కాకపోతే కంపెనీలో వేడితో గట్టిపరచిన రంగు, లేదా హార్డెనర్ కలిపి వేసిన 2కే రంగు. ఈ మూడో రకమైతే పని సగం తగ్గినట్టే. గట్టిగా పట్టుకుని ఉన్న చోట దాన్ని తీసేయనక్కర్లేదు, 400 నంబరు వాటర్ పేపరుతో మెరుపు పోయేదాకా రుద్ది దాని మీదే ప్రైమర్ కొట్టొచ్చు. ఎనామెల్ అయితే మాత్రం రేకు కనపడేదాకా తీసేయాల్సిందే. మామూలు స్ప్రే డబ్బాల్లో ఉండే ఘాటు థిన్నర్ ఎనామెల్‌లోకి దిగి దాన్ని ఉబ్బిస్తుంది. కొట్టిన కాసేపటికే పైన ముడతలు లేస్తాయి. ఒకసారి ముడత లేచాక దాన్ని కప్పే రంగు ఏదీ లేదు, మొత్తం తీసి మళ్లీ మొదలుపెట్టాలి.

కిటికీ గ్రిల్స్‌కు వేయగా మిగిలిన రెడ్ ఆక్సైడ్‌ను ట్యాంకుకు వాడటం వల్ల వచ్చే నష్టమూ ఇదే. అదీ ఎనామెల్ జాతిదే. అలాగని రెడ్ ఆక్సైడ్ చెడ్డది కాదు. సెంటర్ స్టాండు, సారీ గార్డు, వెనక క్యారియర్ లాంటి వాటికి రెడ్ ఆక్సైడ్ వేసి, ఒక రోజు ఆరనిచ్చి, బ్రష్షుతో నల్ల ఎనామెల్ రెండు కోట్లు వేస్తే తక్కువ ఖర్చులో అంతకంటే మంచి పద్ధతి లేదు. కానీ దాని మీద లక్కర్ స్ప్రే పడకూడదు.

తుప్పు ఉన్న చోట వైరు బ్రష్షు, తర్వాత 80 నంబరు ఎమరీ. నల్లటి చుక్కలు గుంటల్లో మిగిలిపోతాయి, అవే అసలు తుప్పు. వాటిని వదిలేస్తే ఏడాది తిరిగేలోపు పొక్కులై పైకి వస్తాయి. ఫాస్ఫారిక్ యాసిడ్ ఉన్న రస్ట్ రిమూవర్ పూసి, సీసా మీద చెప్పినంత సేపు ఉంచి, బ్రష్షుతో తోమి, కడిగి వెంటనే తుడిచి ఆరబెట్టండి. విశాఖ, కాకినాడ, మచిలీపట్నం లాంటి ఊళ్లలో ఉప్పు గాలికి శుభ్రం చేసిన రేకు కొన్ని గంటల్లోనే గోధుమ రంగుకు తిరుగుతుంది. అందుకే రేకు బయటపడిన రోజే ప్రైమర్ కూడా పడిపోవాలి. సాయంత్రం రుద్ది పొద్దున రంగు వేద్దామనుకుంటే పొద్దున మళ్లీ రుద్దాల్సి వస్తుంది.

పాత రంగూ రేకూ కలిసే గీత దగ్గర ఎక్కువ ఓపిక కావాలి. అక్కడ చిన్న మెట్టు ఉంటుంది. 180తో మొదలుపెట్టి 320, తర్వాత 400తో ఆ మెట్టును బయటివైపు సాగదీస్తూ పోవాలి. ఒక అంగుళం వెడల్పున రేకు, పాత ప్రైమర్, పాత రంగు, క్లియర్ (రంగు మీద మెరుపు కోసం వేసే పారదర్శక పొర) వరసగా పట్టీలు పట్టీలుగా కనిపిస్తే సరిగా వచ్చినట్టు. పైన పలచటి బట్ట వేసి దాని మీదుగా కళ్లు మూసుకుని వేలు జరపండి. కంటికి కనపడని మెట్టు వేలికి తెలుస్తుంది. వేలికి తెలిసిన మెట్టు, క్లియర్ కోటు మెరుపు కింద ఊరందరికీ కనిపిస్తుంది.

సొట్టలకు పాలియెస్టర్ పుట్టీ. బరువులో 100 గ్రాముల పుట్టీకి 2 గ్రాముల హార్డెనర్. వేడి రోజుల్లో ఇంకాస్త తగ్గించొచ్చు, పెంచకూడదు. హార్డెనర్ ఎక్కువైతే తొందరగా గట్టిపడటమే కాదు, అందులోని పెరాక్సైడ్ తర్వాత రంగులోకి ఊరి పైన మచ్చలు పడతాయి. తక్కువైతే పుట్టీ లోపల మెత్తగానే ఉండిపోయి పేపరుకు జిడ్డులా చుట్టుకుంటుంది. మామూలు రోజున నాలుగైదు నిమిషాలు టైం ఉంటుంది, మే నెల మధ్యాహ్నం అందులో సగం కూడా ఉండదు. నిమ్మకాయంత ముద్దకు మించి ఒకేసారి కలపొద్దు. పుట్టీ మందం 2, 3 మిల్లీమీటర్లకు మించితే బైకు వణుకుకు పగుళ్లిస్తుంది, కాబట్టి లోతు సొట్టను ముందు లాగించి ఆ తర్వాతే పుట్టీ పెట్టాలి. పుట్టీ ఆరాక 80, 180 నంబర్లతో పొడిగానే రుద్దాలి. నీళ్లు తగిలితే పీల్చుకుని లోపలే దాచుకుంటుంది, దాని కింద రేకు తుప్పు పడుతుంది.

నీళ్ల సంగతి చాలామంది పట్టించుకోరు. మన దగ్గర చాలా చోట్ల బోరు నీళ్లలో ఉప్పులు ఎక్కువ. బకెట్ అడుగున తెల్లగా పట్టేదే, వాటర్ పేపరుతో రుద్దాక ట్యాంకు మీద కూడా ఆరిపోయి మిగులుతుంది. దాని మీద రంగు వేస్తే, వర్షాకాలంలో ఆ ఉప్పు రంగు పొర గుండా తేమను లాక్కుని కింద చిన్న చిన్న నీటి పొక్కులు తయారుచేస్తుంది. చివరిసారి కడగడానికి బ్యాటరీలో పోసే డిస్టిల్డ్ వాటర్ ఒక లీటరు సీసా చాలు. ఖర్చు చాలా తక్కువ, ఫలితం మాత్రం కచ్చితం.

కడిగి ఆరాక వ్యాక్స్ అండ్ గ్రీజ్ రిమూవర్‌తో తుడవండి. ఒక గుడ్డతో తడిపి, అది ఆరేలోపు రెండో పొడి గుడ్డతో ఎత్తేయాలి. ఒకే గుడ్డతో తుడిస్తే జిడ్డు పోదు, ఒక చోటి నుంచి ఇంకో చోటికి మారుతుందంతే. ఆ తర్వాత చేతి వేళ్లు కూడా తగలకూడదు.

ఇక వాతావరణం. దసరాకు బండి పూజ ఉంటుంది కదా అని ఎక్కువమంది సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో రంగు మొదలుపెడతారు. గాలిలో తేమ ఎక్కువగా ఉండే రోజులవి. థిన్నర్ ఆవిరయ్యేటప్పుడు ట్యాంకు ఉపరితలం చల్లబడుతుంది, తేమ దాని మీద చేరి రంగు పాలలాగా తెల్లబడుతుంది. వీలైతే సంక్రాంతి నుంచి శివరాత్రి మధ్య చేయండి, పొద్దున తొమ్మిదిన్నర దాటాక, మంచు పూర్తిగా విడిచాక. రోజు పనికొస్తుందో లేదో తేల్చుకోవడానికి తడిగుడ్డతో రేకు మీద అరచేయంత మేర తడి చేయండి. పావుగంటలో ఆరిపోతే కొట్టొచ్చు. ఆరకపోతే ఆ రోజు పేపర్ పని చూసుకోవడమే మంచిది. వేసవిలో తిప్పలు వేరే. 40 డిగ్రీల ఎండలో రంగు తుంపర గాలిలోనే సగం ఆరిపోయి, పార్టు మీద ఇసుక చల్లినట్టు గరగరలాడుతుంది. అప్పుడు పొద్దున ఏడింటికే, నీడలో, నేల మీద నీళ్లు చల్లి దుమ్ము అణిచి కొట్టాలి.

100, 125 సీసీ బైకు ట్యాంకు ఒక్కదానికి 400 మిల్లీలీటర్ల డబ్బాలు ఇలా పడతాయి: ప్రైమర్ 1, రంగు 2, క్లియర్ 2. బుల్లెట్ ట్యాంకుకు రంగు ఇంకో డబ్బా పెట్టుకోవాలి. రంగు డబ్బాలన్నీ ఒకేసారి, ఒకే బ్యాచ్ నంబరు చూసి కొనండి. ముఖ్యంగా సిల్వర్, గ్రే లాంటి మెటాలిక్ రంగుల్లో బ్యాచ్ మారితే షేడు మారుతుంది. డబ్బాలోని గోళీ కదలడం మొదలయ్యాక కూడా కనీసం రెండు నిమిషాలు ఊపాలి, మధ్యమధ్యలో మళ్లీ ఊపుతుండాలి.

ప్రైమర్ పలచగా మూడు కోట్లు, మధ్యలో పదేసి నిమిషాలు. ఆరాక దాని మీద దూరం నుంచి నల్ల రంగు తుంపర పలచగా పడేయండి. 600 పేపరును చిన్న రబ్బరు ముక్కకు చుట్టి రుద్దితే ఎత్తుగా ఉన్న చోట నలుపు పోతుంది, గుంటల్లో మిగులుతుంది. నలుపు పూర్తిగా పోయేదాకా రుద్దితే ట్యాంకు చదునైనట్టు. రేకు బయటపడితే అక్కడ మళ్లీ ప్రైమర్. ప్రైమర్ వేసి వారాల తరబడి వదిలేయొద్దు. సర్ఫేసర్ రకం ప్రైమర్ నీళ్లను ఆపదు, తేమ దాని గుండా రేకుదాకా పోతుంది.

రంగు కొట్టేటప్పుడు నాజిల్ ట్యాంకుకు 20 నుంచి 25 సెంటీమీటర్ల దూరం. బటన్ ట్యాంకు అంచుకు నాలుగు వేళ్ల అవతలే నొక్కాలి, చేయి సాగుతూ వచ్చి రెండో అంచు దాటాక వదలాలి. ట్యాంకు మీద నొక్కడం మొదలుపెడితే మొదటి క్షణంలో వచ్చే లావు చుక్కలు అక్కడే పడతాయి. మణికట్టు తిప్పొద్దు, భుజం నుంచి చేయి మొత్తం కదలాలి. లేకపోతే మధ్యలో దట్టంగా, చివర్లలో పలచగా పడుతుంది. ప్రతి వరస ముందు వరసను సగం కప్పాలి. మొదటి కోటు కింది రంగు కనపడేంత పలచగా ఉండాలి. ఇక్కడే తొందరపడి ఒకే కోటులో కప్పేయాలని చూస్తారు, మోకాళ్లు తగిలే పక్క వంపుల దగ్గర రంగు కారుతుంది. కారితే గుడ్డతో తుడవకండి. పూర్తిగా ఆరనిచ్చి, 800తో ఆ చార ఒక్కటే చదును చేసి మళ్లీ కొట్టండి.

రంగు మధ్యలో గుండ్రంగా చీలి కింద ప్రైమర్ కనిపిస్తుంటే అది సిలికాన్ పని. బైకు మెరవడానికి పూసే పాలిష్‌లలో చాలావాటిలో సిలికాన్ ఉంటుంది, మామూలుగా తుడిస్తే పోదు. మొత్తం కడిగి, రిమూవర్‌తో రెండుసార్లు తుడిచాకే మళ్లీ వేయాలి. ఉపరితలం బత్తాయి తొక్కలాగా గుంటలు గుంటలుగా వస్తే దూరం ఎక్కువైంది, లేదా చేయి మరీ వేగంగా కదిలింది.

అసలు సంగతి క్లియర్ కోటు. మామూలు స్ప్రే క్లియర్ ఎంత మెరిసినా పెట్రోలుకు ఆగదు. బంకులో ట్యాంకు మూత దగ్గర ఒక్క చుక్క ఒలికితే చాలు, తుడిచే గుడ్డకు రంగు వచ్చేస్తుంది. ఇప్పుడు బంకుల్లో దొరికేది 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు, బలహీనమైన లక్కర్‌ను ఇథనాల్ కూడా మెత్తబరుస్తుంది. ట్యాంకు మీద హార్డెనర్ కలిసే 2కే పాలీయురెథేన్ క్లియర్ తప్ప ఇంకేదీ వేయకండి. స్ప్రే గన్ ఉంటే 1.3 లేదా 1.4 మిల్లీమీటర్ల నాజిల్, డబ్బా మీద రాసిన నిష్పత్తిలో హార్డెనర్. ఆ నిష్పత్తి కంపెనీని బట్టి 2కు 1, లేదా 4కు 1 ఉంటుంది, కంటి అంచనాతో పోయొద్దు. గన్ లేకపోతే, అడుగున పిన్ను నొక్కితే లోపలే హార్డెనర్ కలిసే 2కే స్ప్రే డబ్బాలు దొరుకుతాయి. పిన్ను నొక్కాక ఒకటి రెండు రోజుల్లో లోపల గట్టిపడిపోతుంది, కాబట్టి పార్టులన్నీ సిద్ధం చేసుకున్నాకే నొక్కాలి.

ఈ క్లియర్ హార్డెనర్‌లో ఐసోసయనేట్లు ఉంటాయి. ఇవి ఊపిరితిత్తులకు ఎక్కితే ఆస్తమా తెప్పిస్తాయి, ఒకసారి పడకపోవడం మొదలైతే తర్వాత కొంచెం తగిలినా ఊపిరాడదు. గుడ్డ మాస్కూ సర్జికల్ మాస్కూ దీనికి లెక్కలోకి రావు. ఆర్గానిక్ వేపర్ కార్ట్రిడ్జి, దాని ముందు ధూళి ఫిల్టరూ ఉన్న హాఫ్ మాస్కు, కళ్లద్దాలు, నైట్రైల్ గ్లవుజులు, నిండు చేతుల చొక్కా ఉండాలి, పనంతా ఆరుబయట గాలి పారే చోటే జరగాలి. కార్ట్రిడ్జి అయిపోయినా ఐసోసయనేట్ వాసన తెలియదు, అందుకే పాత కార్ట్రిడ్జి వాడొద్దు. ఇంట్లో ఆస్తమా ఉన్నవాళ్లో చిన్న పిల్లలో ఉంటే ఈ ఒక్క కోటూ స్ప్రే బూత్ ఉన్న పెయింటర్‌తో వేయించడం మేలు. మిగతా పనంతా మీరే చేసి ఇస్తే అతను తీసుకునేది కూడా తక్కువే. వంట గ్యాసు, దేవుడి దీపం దగ్గర్లో థిన్నర్ మూత కూడా తీయకూడదని వేరే చెప్పక్కర్లేదు.

క్లియర్ పడ్డాక ఒక రోజు ముట్టుకోవద్దు, వారం దాకా పెట్రోలు పోయొద్దు. దుమ్ము నూకలు ఏమైనా పడితే 1500, తర్వాత 2000 వాటర్ పేపరుతో, సబ్బు నీళ్లతో మెల్లగా తీసి రబ్బింగ్ కాంపౌండ్ పెడితే మెరుపు తిరిగొస్తుంది. అంచుల మీద మాత్రం రుద్దొద్దు, అక్కడ పొర పలచగా ఉండి ఇట్టే కింది రంగు బయటపడుతుంది.

ప్లాస్టిక్ పార్టులకు ముందు వెనకవైపు తిప్పి చూడండి. ఏ రకం ప్లాస్టిక్కో, ఏబీఎస్ అనో పీపీ అనో, అచ్చు ఉంటుంది. లేకపోతే లోపలి అంచు నుంచి సన్నటి చెక్కు తీసి నీళ్లలో వేయండి. మునిగితే ఏబీఎస్ కావొచ్చు, తేలితే పీపీ. ఏబీఎస్ మీద రంగు బాగానే పడుతుంది కానీ థిన్నర్‌తో తుడిస్తే కరిగి సన్నటి పగుళ్లొస్తాయి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవాలి. పీపీ మీద ఏ రంగూ నేరుగా నిలవదు. ముందు ప్లాస్టిక్ ప్రైమర్, అంటే అడ్హీషన్ ప్రమోటర్, పలచగా ఒక కోటు పడి, డబ్బా మీద రాసిన టైములోపే రంగు పడాలి. మడ్‌గార్డు ఒక్క రాయి తగిలితే పెచ్చులు ఊడుతోందంటే కారణం ఎక్కువసార్లు ఇదే.

సైలెన్సర్‌కు 600 డిగ్రీలు తట్టుకునే సిలికాన్ రంగు కావాలి. దాని కింద మామూలు ప్రైమర్ వేస్తే అది కాలిపోయి పైది కూడా రాలిపోతుంది. క్రోమ్ ఉంటే 120తో మెరుపు మొత్తం చంపాలి. ఈ రంగు గాలికి ఆరినట్టు కనిపిస్తుందేగానీ వేడి తగిలేదాకా గట్టిపడదు. బిగించాక పది నిమిషాలు ఐడిలింగ్‌లో నడిపి పూర్తిగా చల్లారనివ్వండి, తర్వాత ఇరవై నిమిషాలు, మళ్లీ చల్లారనివ్వండి, ఆ పైన మామూలుగా తిప్పండి. మొదటిసారి పొగ వస్తుంది, కంగారు పడక్కర్లేదు. తొలి రోజే హైవే ఎక్కితే పొక్కులొస్తాయి.

అల్లాయ్ వీల్ టైరు తీయకుండా కొట్టాలంటే గాలి తీసేసి, రిమ్ముకూ టైరుకూ మధ్య పాత శుభలేఖల అట్టలు చుట్టూ దోపండి, టేపు కంటే శుభ్రంగా వస్తుంది. బ్రేక్ డిస్కూ డ్రమ్ము లోపలా ఒక్క తుంపర కూడా పడకూడదు.

మొత్తం రంగు వేయనక్కర్లేని గీతలకు గోరు పరీక్ష చాలు. గోరు ఆగకపోతే గీత క్లియర్‌లోనే ఉంది, కాంపౌండ్‌తో పోతుంది. గోరు ఆగితే నింపాలి. రాయి తగిలిన చిప్‌లో తుప్పు ఉంటే సూది మొనతో గోకి, అగ్గిపుల్లను పదునుగా చెక్కి దాని మొనకు అంటినంత రంగు గుంట మధ్యలో పెట్టండి, అంచుల దాకా అదే పాకుతుంది. అరగంటకోసారి ఇంకో చుక్క, చుట్టూ ఉన్న రంగు కంటే వెంట్రుకవాసి ఎత్తు వచ్చేదాకా. రెండు మూడు రోజులు ఆరాక 2000 పేపరుతో ఆ ఎత్తు మాత్రమే కోసి కాంపౌండ్ పెట్టాలి. సిల్వర్ రంగులో ఎంత జాగ్రత్తగా చేసినా చుక్క కొంచెం నల్లగానే కనిపిస్తుంది, పుల్లతో పెట్టినప్పుడు అందులోని రేణువులు స్ప్రేలో పడినట్టు పడుకోవు.

రంగే మార్చాలనుకుంటే ఆర్సీలో రంగు నమోదై ఉంటుందని గుర్తుంచుకోండి, ఆర్టీఓలో మార్పించుకోవాలి. బుల్లెట్‌కు మిలిటరీ ఆలివ్ గ్రీన్ వేయాలన్న మోజు చాలామందికి ఉంటుంది. సెంట్రల్ మోటార్ వెహికల్స్ రూల్స్ 1989లోని 121వ నిబంధన ప్రకారం రక్షణ శాఖ వాహనాలకు తప్ప ఇంకెవరికీ ఆ రంగు వేయకూడదు. చాసిస్ నంబరు మీద పుట్టీ గానీ మందపు రంగు గానీ పడనీయొద్దు, చదవడానికి వీలుగా ఉండాలి.

తిరిగి బిగించేటప్పుడు ఫ్రేముకు ఎర్త్ వైరు బిగించే చోట, యాక్సిల్ నట్లు ఆనే చోట రంగు గీరేసి రేకు మీదే బిగించండి. ఎర్త్ కింద రంగు ఉంటే సెల్ఫ్ సరిగా తిరగదు, నట్టు కింద రంగు నలిగితే కొన్నాళ్లకు నట్టు వదులవుతుంది. ట్యాంకు కింద రబ్బర్లు ఎండి గట్టిపడి ఉంటే అప్పుడే కొత్తవి వేయండి, ఫ్రేముకు రాసుకుని కొత్త రంగు పోయేది ముందు అక్కడే.